కంప్యూటరు తెలుగు, వాడ తెలుగు

తెలుగు పత్రికల్లో టెక్నాలజీ వార్తంటే చాలా ఏళ్లు రెండే రకాలు. వొకటి కొత్త ఫోన్ ధర. రెండోది అమెరికాలో మనోడికి వచ్చిన ఉద్యోగం. ఇప్పుడు మూడో రకం వచ్చింది. యంత్రం తెలుగు నేర్చుకుంటోంది, తెలుగులో కథ చెప్తోంది, తెలుగులో జవాబిస్తోంది అనే వార్త. జిల్లా ఎడిషన్లో హ్యాకథాన్ ఫోటో కింద కూడా ఇదే మాట. వెనకాల బ్యానరు, ముందర ముఖ్య అతిథి, పక్కన మెడలో ట్యాగులేసుకున్న పిల్లలు. నంద్యాల, ఆళ్లగడ్డల నుంచి చదివే మేం ఈ మూడో రకం వార్తని విమర్శకు తీసుకుంటున్నాం. కొత్త ఫోన్ కొనకపోతే మాకు పోయేదేం లేదు. కానీ ఇక్కడ పణంగా పెట్టింది మా నోటి మాటని.

ఉదాహరణకి 2023లో వచ్చిన వార్త చూద్దాం. 2005 నుంచి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమంలో పనిచేస్తున్న హైదరాబాదు సంస్థ 'స్వేచ్ఛ', ఓజోన్‌టెల్ అనే కంపెనీతో కలిసి, తెలుగులో పిల్లలకు కథలల్లే చిన్న భాషా నమూనా తయారుచేసింది. దాని పేరు 'ఏఐ చందమామ కథలు'. పాతిక ముప్పై కాలేజీల నుంచి వేలమంది ఇంజనీరింగు విద్యార్థులు డేటాథాన్ పేరుతో కూచుని, నలభై వేలకు పైగా పేజీల పాత కథల్ని కంప్యూటరుకు ఎక్కించారు, తప్పులు దిద్దారు. ఇది చిన్న పని కాదు. కంపెనీలు తాళం వేసి దాచుకునే చోట వీళ్లు తలుపు తెరిచి పెడతామంటున్నారు. అందుకే మా విమర్శ వీళ్లతోనే మొదలవుతుంది. తలుపే లేనోళ్లతో ఏం మాట్లాడతాం?

వార్త రాసినోళ్లు అడగని ప్రశ్న వొకటుంది. యంత్రం నేర్చింది ఎవరి తెలుగు?

భాషా నమూనా బడికి పోయి నేర్చుకోదు. దానికి లక్షల వాక్యాలు చూపిస్తారు. ఏ మాట పక్కన ఏ మాట ఎక్కువసార్లు వచ్చిందో లెక్కగట్టి, తర్వాతి మాట ఏదై వుంటుందో అది వూహిస్తుంది. ఎక్కువసార్లు అచ్చయింది దానికి ఒప్పు. తక్కువసార్లు అచ్చయింది అరుదు. అసలు అచ్చు కానిది లేనట్టే. కాబట్టి యంత్రం తెలుగు అంటే అచ్చయిన తెలుగు. అచ్చయిన తెలుగు ఎవరిదో మన పాఠకులకు చెప్పాల్సిన పని లేదు. గిడుగు రామమూర్తి గ్రాంథికం మీద పోరాడి వ్యావహారికాన్ని గెలిపించాడు. కానీ ఆ వ్యావహారికానికి ముందర 'శిష్ట' అనే మాట తగిలింది. కోస్తా నడిమి జిల్లాల చదువుకున్న పైకులాల మాట రాష్ట్రం మొత్తానికీ ప్రమాణమైంది. ఇక చందమామ 1947లో మొదలై తరాల పిల్లలకు చదవడం నేర్పింది. మేమూ పాత సంచికలు ఇష్టంగా చదివినోళ్లమే. అయితే మేం చదివిన కథల్లో రాజు, మంత్రి, వర్తకుడు, పేద బ్రాహ్మడు, జమీందారు కనబడతారు. మాలపల్లె, మాదిగవాడ తమ పేరుతో తాము కనబడ్డం బహు అరుదు. యంత్రానికి ఆ పేరే పెట్టారంటే, తెలుగు బాల్యం ఏదో ముందే తేల్చుకున్నారన్న మాట.

దీనికన్నా పెద్ద సంగతి దిద్దుబాటు. పాత పేజీని స్కాన్ చేసి యంత్రం చేత చదివిస్తే తప్పులొస్తాయి. వాటిని మనిషి దిద్దాలి. దిద్దేది ఎవరు? నంద్యాల చుట్టుపక్కల కాలేజీల నుంచి పోయే పిల్లోడే అనుకోండి. ఇంట్లో వాళ్లమ్మ 'యాడికి పోతాండావు' అంటుంది. బడిలో అయ్యవారు దాన్ని 'ఎక్కడికి వెళ్తున్నావు' అని దిద్దించాడు. ఇప్పుడు తెర మీద 'పోతాండావు' కనబడితే ఆ పిల్లోడి వేలు ఏం చేస్తుంది? అచ్చుతప్పు అనుకుని కొట్టేస్తుంది. బెత్తం పట్టుకుని ఎవరూ పక్కన నిలబడక్కర్లేదు. ఫలానా డేటాథాన్లో ఇట్లా జరిగిందని మేం అనడం లేదు. ఏ డేటాథాన్లోనైనా దిద్దేవాళ్లకిచ్చే సూచనల్లో 'మాండలికాన్ని ముట్టుకోవద్దు' అనే వాక్యం లేకపోతే జరిగేది ఇదే. ఫీజు రీయింబర్స్‌మెంటు మీద చదివే మన పిల్లలే, సర్టిఫికెట్ కోసం, కూలి లేకుండా, మన తల్లుల మాటని చెరిపే పనిలో వుండొచ్చు.

కర్నూలు జిల్లా మాదిగ మాటని తలెత్తి అచ్చులో నిలబెట్టినవాడు నాగప్పగారి సుందర్రాజు. తొంభైల్లో వచ్చిన ఆయన కథల పుస్తకం పేరు 'మాదిగోడు'. ఊళ్లో తిట్టుగా వాడే మాటని ఆయన తన సంతకంగా మార్చుకున్నాడు. యంత్రానికి ఈ తేడా తెలిసేదెట్లా? తిట్లు, బూతులు నేర్చుకోకుండా వుండేందుకు నమూనాలు తయారుచేసేవాళ్లు నిషిద్ధ పదాల జాబితా వొకటి పెట్టుకుంటారు. ఆ మాట వున్న పేజీని మొత్తంగా తీసి పారేస్తారు. ఇంగ్లీషులో దీని ఫలితం లెక్కగట్టారు. సి4 అనే పెద్ద పాఠ్య సేకరణని పరిశోధకులు 2021లో పరీక్షించారు. తెల్లవాళ్ల ఇంగ్లీషులో రాసినవి 6.2 శాతం పోతే, ఆఫ్రికన్ అమెరికన్ల ఇంగ్లీషులో రాసినవి 42 శాతం ఆ జల్లెడలో పోయాయి. తిట్టేవాణ్ణి ఆపడానికి పెట్టిన జల్లెడ తిట్లు తిన్నవాడి మాటని ఆపేసింది. తెలుగులో కులం పేర్లని అట్లాంటి జాబితాలో వేస్తే ముందుగా పోయేది తిట్టినవాడి వాక్యం కాదు. వాడు తిట్టడానికి కులం పేరు ఎత్తక్కర్లేదు, 'మీవాళ్లు' అంటే చాలు. పోయేది సుందర్రాజు పుస్తకం.

జల్లెడ పట్టకపోతే బాగుంటుందా? అదీ లేదు. 2025లో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ పత్రిక ఓపెన్ఏఐ కంపెనీ నమూనాల్ని కులం విషయంలో పరీక్షించి ప్రచురించింది. ఖాళీ పూరించమని 105 వాక్యాలిస్తే జీపీటీ-5 అందులో 80 వాక్యాలకు కుల దురభిప్రాయపు జవాబునే ఎంచుకుంది. అదే కథనంలో వొక దళిత పరిశోధకుడి అనుభవం వుంది. ఫెలోషిప్ దరఖాస్తులో ఇంగ్లీషు దిద్దమని చాట్‌జీపీటీకి ఇస్తే, అది భాషతో పాటు ఆయన ఇంటిపేరుని కూడా దిద్దింది. శర్మ అని పెట్టింది! చదువుకున్నవాడు, పరిశోధన చేసేవాడు అంటే శర్మే అయి వుంటాడని దాని లెక్క. మన సెమినార్లలో పేరు అడిగి, ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, అప్పటికీ తేలక 'ఊళ్లో యాడ?' అని అడిగే పెద్దమనుషులకూ ఈ యంత్రానికీ తేడా ఏందంటే, పెద్దమనుషులు కనీసం అడుగుతారు.

తెలుగు వికీపీడియాని తీసుకుందాం. 2003 డిసెంబరులో మొదలై, వ్యాసాలు లక్ష దాటింది. దాదాపు అంతా జీతం లేని పని. ఇలాంటి నమూనాలు తెలుగు నేర్చుకునే ముఖ్యమైన చోట్లలో అదొకటి. నంద్యాల, ఆళ్లగడ్డ మండలాల ఊళ్ల పేజీలు తెరిచి చూడండి. 2011 జనాభా లెక్కల నుంచి తెచ్చిన వివరాలుంటాయి. ఇన్ని ఇళ్లు, ఇంత జనాభా, ఇన్ని హెక్టార్లు, షెడ్యూల్డ్ కులాల సంఖ్య ఇంత. మేం ఆ పేజీల్లో వున్నాం, వొక అంకెగా. ఆ అంకె లోపలి మనుషులు ఎప్పుడొచ్చి ఎక్కడ గుడిసె వేసుకున్నారు, ఏ బావిలో నీళ్లు తోడుకోనివ్వలేదు, ఏ చర్చి అరుగు మీద అక్షరాలు దిద్దుకున్నారు అనేది లేదు. ఈ ప్రాంతంలో 19వ శతాబ్దంలో ఎస్.పి.జి. మిషన్ ముత్యాలపాడు, నంద్యాల కేంద్రాలుగా బడులు పెట్టింది. పల్లెలో చాలామంది తాతలకు అక్షరం వచ్చిన దారి అదే. మా దృష్టిలో టెక్నాలజీ చరిత్ర అక్కడ మొదలవ్వాలి. అది రాసుకోవాల్సింది మేమే అంటారు, వొప్పుకుంటాం. కానీ ఆధారం చూపించమంటారు, అచ్చయిన ఆధారం. మా తాతల సంగతి ఎవరు అచ్చేశారని?

ఇక అక్షరాల సంగతి. కంప్యూటర్లన్నీ వొప్పుకునే అక్షరాల పట్టిక యూనికోడ్. అందులో తెలుగు 1991 అక్టోబరు నాటి మొదటి కూర్పులోనే చేరింది. ఆ ఏడు ఆగస్టు 6న చుండూరు. నవంబరులో నంద్యాల ఉప ఎన్నిక. పి.వి.నరసింహారావు ఐదు లక్షల ఎనభై వేలకు పైగా మెజారిటీతో గెలిచి, సంస్కరణల ప్రధానిగా పార్లమెంటుకు పోయాడు. మూడింటికీ సంబంధం వుందని మేం అనం. కానీ చరిత్ర రాసేటప్పుడు కంప్యూటరొచ్చిన ఏడాదిని వొక పుస్తకంలో, చుండూరుని ఇంకో పుస్తకంలో రాస్తారు, అది మాత్రం చెప్పాలి. తర్వాత ఏళ్లలో పండితులు, ఔత్సాహికులు కష్టపడి, పాత పుస్తకాల్లోని దంత్య చ, జలకు 2008లో, శాసనాల్లోని నకారపొల్లుకు 2021లో ఆ పట్టికలో చోటు సంపాదించారు. మంచిదే. శాసనం చదవాలంటే అవసరం. కానీ మా దగ్గర రోజూ నోట్లో పలికే వొక అచ్చుంది. 'బ్యాళ్లు' అన్నప్పుడు, 'యాల' అన్నప్పుడు వినబడేది. అది 'ఆ' కాదు, 'ఏ' కాదు. దానికి గుర్తు లేదు. య-ఒత్తు పెట్టి సరిపెట్టుకుంటున్నాం. వెయ్యేళ్ల కింద రాతి మీద చెక్కిన పొల్లు కోసం కాయితాలు పెట్టినోళ్లున్నారు. ఈ పొద్దు సద్ది మూట కట్టుకుని మిరపచేనుకు పోయే ఆడమనిషి పలికే అచ్చు కోసం ఎవరూ కాయితం పెట్టలేదు. మా గుంపుల్లో కూడా ఎవరికీ తట్టలేదనేది అంతే నిజం.

కంప్యూటరు ప్రియుల సంఘాలు మాటిమాటికీ చెప్పేది 'అందరికీ ఆహ్వానం' అని. నిజంగానే కులం అడగరు. ఆదివారం మీటింగు, ల్యాప్‌టాపు తెచ్చుకోండి, హైదరాబాదులో. లేదంటే విజయవాడలో. శనివారం రాత్రి ఆళ్లగడ్డలో బస్సెక్కేవాడికి ఆ ఆదివారం ఎంత ఖరీదో వాళ్లకు తట్టదు. ఎక్కి పోయినా, వొప్పుకున్న జోకులు, వొప్పుకున్న సినిమాలు, ఇంగ్లీషు పొడి అక్షరాలు. మూడో ఆదివారానికి మానేస్తాడు. 'ఆసక్తి లేదు' అని రాసుకుంటారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సిద్ధాంతంలో నాలుగు స్వేచ్ఛలున్నాయి. వాడుకోవడం, లోపల చూడ్డం, మార్చుకోవడం, పంచుకోవడం. నాలుగూ ప్రోగ్రామ్ చేతికొచ్చాక మొదలయ్యేవే. చేతికి రావడానికి ముందరున్న కంచె గురించి సిద్ధాంతం మాట్లాడదు.

అట్లాగని టెక్నాలజీ మా వాడకు రాలేదనడం అబద్ధం. అందరికన్నా ముందు మా మీదికే వచ్చింది. 2015 నుంచి రేషన్ షాపులో ఈ-పాస్ మిషన్ మీద వేలు పెట్టాలి. పత్తి తీసీ మిరపకాయ కోసీ గీతలరిగిన వేలు. 2023 జనవరి నుంచి ఉపాధి పని చోట రోజుకు రెండుసార్లు నిలబడి ఫోటో దిగాలన్నారు. సిగ్నల్ లేకపోతే మస్టరు లేదు. అంటే వొక యంత్రానికి మా వేలు కావాలి, మా మొహం కావాలి. రాష్ట్రం గొప్పగా చెప్పుకునే ఇంకో యంత్రానికి మా మాట అక్కర్లేదు. జిల్లా ఎడిషన్లో మొదటిది 'సంక్షేమం' పేజీలో వస్తుంది. రెండోదే 'టెక్నాలజీ' పేజీలో వస్తుంది.

సరే, రేపు మా మాట కావాలని వొచ్చారనుకుందాం. రాయలసీమ యాస, దళిత యాస సేకరిస్తామని ఫోను పట్టుకుని ఆళ్లగడ్డ పల్లెలకు వొస్తారు. రావాలి కూడా. దీనికి మన దగ్గర వొరవడి లేకపోలేదు. కడపలో పనిచేసిన సి.పి.బ్రౌన్ శిష్టులు చీదరించుకున్న మిశ్ర భాషకు 1854లో నిఘంటువు వేశాడు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ వృత్తి పదకోశం ఊళ్లలో సేద్యం చేసేవాళ్లని అడిగి రాసుకున్నది. పండితుణ్ణి కాకుండా పనివాణ్ణి అడగడమే అందులోని శాస్త్రం. ఆళ్లగడ్డ శిల్పులు రాయి చెక్కితే కళ అని అందరూ వొప్పుకుంటారు. తంగేడు చెక్కతో తోలు వూనడం కూడా రసాయన జ్ఞానమే. మాదిగలు కింది నుంచి వచ్చిన శాస్త్రజ్ఞులని కంచ ఐలయ్య 2009లో పుస్తకంగానే వాదించాడు. ఆరె, రంపె, లంద, కపిలి తొండం లాంటి మాటలు ఆ శాస్త్రపు పరిభాష. అవి తెలిసిన ముసలోళ్లు ఇంకా కొందరున్నారు. వాళ్ల దగ్గర రికార్డు చేయకుండా తెలుగు నమూనా పూర్తయిందని ఎవరూ అనకూడదు.

కానీ షరతుల మీదే రావాలి. మాటకు కూలి కట్టాలి. ఇది గొంతెమ్మ కోరికేం కాదు. బెంగళూరులోని 'కార్య' అనే సంస్థ గొంతు రికార్డు చేసిన పల్లె జనానికి గంటకు సుమారు 5 డాలర్లు ఇస్తామని, ఆ డేటా మళ్లీ అమ్ముడుపోతే వాటా కూడా ఇస్తామని ప్రకటించింది. విద్యార్థి శ్రమని సర్టిఫికెట్‌తో సరిపెట్టే పద్ధతిని కూడా ఈ లెక్కతోనే కొలవాలి. రెండోది, ఏ మాట తిట్టు, ఏ మాట పేరు అని తేల్చే జాబితాని వాడ మనుషులు కూచుని రాయాలి. మూడోది దిద్దుబాటు సూచనలు. వాటిని ముందుగా అచ్చేసి, తెలుగు అయ్యవార్లకు కాకుండా దిద్దే పిల్లల చేతికివ్వాలి. ఈ జిల్లా కాలేజీల్లో మన విద్యార్థి సంఘాలున్నాయి. హాస్టల్ మెస్ బిల్లు మీద, స్కాలర్‌షిప్ బకాయి మీద ధర్నా చేసే సంఘాలే. ఈసారి కాలేజీలో డేటాథాన్ బ్యానరు కట్టినప్పుడు, ల్యాబులోకి పోయే ముందు ఆ సూచనల కాయితం చూపించమని అడగాలి. 'పోతాండావు' అనే మాట వస్తే ఏం చేయమన్నారో అందులో చూడాలి.