కరివేపాకు చెట్టు మీద ఎర్రచుక్కల వేషం

కదిరి పెరళ్లలో కరివేపాకు చెట్టు చుట్టూ గుడ్లు పెట్టడానికి తిరుగుతుంటుంది, కామన్ మోర్మన్ ఆడ సీతాకోకచిలుక. వీటిలో ఒక రకాన్ని తీరిగ్గా చూడాలి. నల్లని రెక్కలు. ముందు రెక్కల మీద తెల్లని పట్టెలు, వెనుక రెక్కల మీద కుంకుమరంగు చుక్కలు. ఎంత అందం! అయితే ఆ రూపం మరో సీతాకోకచిలుక అయిన క్రిమ్సన్ రోజ్‌ది. అది గొంగళిపురుగుగా ఉన్నప్పుడే ఈశ్వరి తీగ, గాడిదగడపాకు తిని వాటి విషాన్ని ఒంట్లో నిలుపుకుంటుంది. ఒకసారి నోట పెట్టిన పిట్ట మళ్లీ ఆ రంగుల జోలికి పోదు. కరివేపాకు, నిమ్మ, మారేడు ఆకులు మేసి పెరిగిన మోర్మన్‌కు ఆ విషం లేదు. ఆ భయాన్ని మాత్రం రెక్కల మీద ధరించింది.

ఒకదాన్ని చూసి మరొకటనుకునే భ్రాంతిమదలంకారం ఇక్కడ ప్రాణంతో ఎగురుతోంది. కావ్యంలో భ్రమపడేది పాత్ర. ఇక్కడ భ్రమపడే పిట్టే చిత్రకారుడు కూడా. సరిగ్గా పోలని రెక్కను తిన్నది, పోలినదాన్ని వదిలింది. అట్లా లెక్కలేనన్ని తరాలు దిద్దింది. నన్ను అన్నిటికంటే కట్టిపడేసేది ఈ చిత్రంలో రాయకుండా వదిలిన చోటు. క్రిమ్సన్ రోజ్ తలా ఒళ్లూ ఎర్రన. మోర్మన్ ఒళ్లు నల్లగానే ఉండిపోయింది. అది లోపమని నేననను. ఎగిరేదాన్ని దూరాన్నుంచి చూసే కంటికి రెక్కే చాలినట్టుంది. ఇంత పొదుపు తెలిసిన కవులు అరుదు.

ఇక లోపలి పనితనం. రెక్క మీద ఇన్ని మార్పులు ఒక్కసారిగా రావాలంటే పక్కపక్కనే చేరిన జన్యువుల గుంపు ఉండాలని చాలాకాలం అనుకున్నారు. 2014లో కృష్ణమేఘ్ కుంటే, మార్కస్ క్రాన్‌ఫోర్స్ట్, వారి సహచరులు వెతికితే తేలింది ఒకే జన్యువు, డబుల్‌సెక్స్. కీటకాల్లో ఆడా మగా తేడాను దిద్దేది అదే! ధర్మవరంలో అదే మగ్గం, అదే పట్టు ఉన్నా, జకార్డు అట్టల కట్ట మార్చగానే అంచూ కొంగూ కలిసి మారిపోతాయి. ఇదీ అంతే.

మగవాటిలోనూ ఆ జన్యువు వేషమిచ్చే ప్రతి ఉండవచ్చు, కానీ ఆ వేషం రెక్క మీదికి రాదు. నలుపు మీద తెల్లచుక్కల వరుసతో తిరుగుతూనే అవి ఆ వేషాన్ని కూతుళ్లకు అందిస్తాయి. వేషమున్న ప్రతి ఒకటి, లేని ప్రతి ఒకటి ఉన్న తల్లి, వేషం లేని ప్రతులే ఉన్న మగదానితో జతకడితే, ఒకే చెట్టు మీద పుట్టిన అక్కచెల్లెళ్లలో ఒకతె తండ్రి పోలిక, ఇంకొకతె విషకన్య పోలిక. సగం సగం పోలిక ఉండదు. కొన్ని రూపాల్లో ఆ జన్యువున్న డిఎన్ఏ ముక్క తలకిందులై ఉంది. అందుకే వాటిలో రెండు ప్రతులూ ముక్కలై కలగలిసిపోవు. సగం వేషం పిట్టల్ని అంతగా బెదిరించలేదు మరి.