కనుబొమల మధ్య అయిదు చుక్కలు

మంచాల ఊరి చుట్టుపక్కల కూరగాయల చేలల్లో ఎండకు ఎండిన యాభై ఏళ్ల ముఖాన్ని చూడండి. ముడతల కన్నా ముందు మంగు కనిపిస్తుంది. చామనఛాయ చర్మంలోని మెలనిన్ ఎండను కొంత ఆపుతుంది కాబట్టి గీతలు ఆలస్యంగా పడతాయి. ఆ మెలనినే రెచ్చిపోయిందంటే చెంపల మీద మచ్చై కూర్చుంటుంది. ముఖానికి సూది వైద్యం చేసే మంచి డాక్టరు ముందు ఈ తేడాను చూస్తారు. తెల్లతోలుకు సరిపడే లేజర్ బలాన్ని మనవాళ్ల మీద అలాగే వాడితే, గీత పోయేచోట కొత్త నలుపు తేలుతుంది. గ్లైకాలిక్ యాసిడ్‌తో పీలింగ్ చేసినా తక్కువ గాఢతతో మొదలుపెట్టి, గడియారం మీద ఒక కన్నేసి, చర్మం ఎర్రబడగానే ఆపేస్తారు.

మంచాల నుంచి ఇబ్రహీంపట్నం వచ్చి సాగర్ రోడ్డెక్కితే, ఎల్బీనగర్ చేరేలోపే స్కిన్ క్లినిక్ బోర్డులు వరసగా పలకరిస్తాయి. బోర్డును బట్టి చెయ్యి తెలియదు. మందు కలిపేటప్పుడు చూడాలి.

ముడతలకు పొడిచే బొటాక్స్ వంద యూనిట్ల సీసా ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది. మందంతా అడుగున కనీకనిపించని పొర. అందులోకి 2.5 మిల్లీలీటర్ల సెలైన్‌ను గాజు అంచు వెంట మెల్లగా జారవిడుస్తారు. దగ్గుమందు సీసాలా కుదపరు, నురగ వస్తే ప్రోటీన్ చెడుతుందని భయం. అలా కలిపితే 0.1 మిల్లీలీటరులో 4 యూనిట్లుంటాయి.

“కోపంగా చూడమ్మా” అంటారు డాక్టరు. అడిగితే కోపమెక్కడొస్తుంది, ఆమె నవ్వేస్తుంది. రెండోసారి బొమలు ముడిస్తే కండ ఎక్కడ ఉబ్బుతోందో వేలితో తడిమి చుక్క పెడతారు. ముక్కు మొదట్లో ఒకటి, రెండు బొమల దగ్గర చెరి రెండు. అయిదు చుక్కలకూ కలిపి 20 యూనిట్లు. బయటి చుక్కలు కంటిగుంత ఎముక అంచుకు కనీసం ఒక సెంటీమీటరు పైన ఉండాలి. మందు కిందికి పాకితే రెప్పనెత్తే కండ పట్టుతప్పి, కొన్ని వారాలు కన్ను సగం వాలిపోతుంది. అందుకే ఒక చేతి బొటనవేలితో ఎముక అంచును అదిమిపట్టి, సూది మొనను పైకి తిప్పి పొడుస్తారు. చూసేవాళ్లకు సూదే కనిపిస్తుంది. పనితనమంతా ఆ బొటనవేల్లో ఉంటుంది.

అద్దంలో అప్పటికప్పుడు ఏ మార్పూ ఉండదు. మూడు నాలుగు రోజులకు మొదలై, రెండు వారాలకు పూర్తి ఫలితం తెలుస్తుంది. మూడు నాలుగు నెలలకు నరాల కొసలు కోలుకుని కండ మళ్లీ కదులుతుంది. నుదుటిని బండబార్చడం పెద్ద విద్యేం కాదు. కోడలి మాటకు అత్త బొమ ఎత్తగలిగేంత కదలిక మిగల్చడమే కష్టం.

అసలు బొటాక్స్ కంటి వైద్యుల మందు. అమెరికాలో అలన్ స్కాట్ మెల్లకన్ను సరిచేయడానికి వాడారు, 1989లో అనుమతి వచ్చింది. వాంకూవర్‌లో కంటి డాక్టరు జీన్ కరుథర్స్, రెప్పలు బిగుసుకునే జబ్బుకు ఇస్తుంటే బొమల మధ్య గీతలు కూడా పోవడం గమనించి, చర్మవైద్యుడైన భర్త అలస్టర్‌తో కలిసి 1992లో ప్రచురించారు. ముడతలకంటూ అమెరికా అనుమతి దొరికింది 2002లో.

ఫిల్లర్లలో ప్రమాదం ఇంకా ఎక్కువ. ముక్కు పక్క గాడిలో నింపే హైలురోనిక్ యాసిడ్ జెల్ రక్తనాళంలోకి పోతే చర్మం చచ్చిపోవచ్చు, అరుదుగా చూపే పోవచ్చు. నేర్పున్న చెయ్యి మొద్దుమొన కాన్యులాను వెనక్కి లాగుతూ కొద్దికొద్దిగా వదులుతుంది, చర్మం పాలిపోతోందేమోనని చూపు అక్కడే నిలుపుతుంది. పాలిపోతే వెంటనే ఆపి, జెల్‌ను కరిగించే హైలురోనిడేజ్ ఎక్కించాలి. అది గదిలో సిద్ధంగా లేని చోట ఫిల్లర్ వేయించుకోకూడదని నా పట్టుదల.

ఇక మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ క్రీమును తెలుపు కోసం ఏళ్ల తరబడి రాసుకున్న ముఖాలుంటాయి. చర్మం పలచబడి, ఎర్రటి నరాలు తేలి, క్రీము మానితే మంటెత్తుతుంది. అలాంటి మనిషి ముడతలకని వస్తే మంచి డాక్టరు సూది తియ్యరు. క్రీము మాన్పించి, సన్‌స్క్రీన్ రాసి, తలకు కొంగు కప్పుకోమని చెప్పి, మంట చల్లారేదాకా నెలలైనా ఆగుతారు. ఆ రోజుకు బిల్లు కన్సల్టేషన్ ఫీజే.