మ్యాట్ ఎత్తి చూడండి

ఫలానా వాళ్ల షెడ్డులో ఫియట్ అమ్మకానికి ఉందని తెలిస్తే, రాజమండ్రిలోనైనా అమలాపురంలోనైనా ముందు చూసేవాళ్లు బయల్దేరతారు. కొనేవాళ్లు తర్వాత.

ఇటలీ దర్జా అంటే కార్ల పిచ్చి ఉన్నవాళ్లు మాసెరాటి క్వాట్రోపోర్టే పేరెత్తుతారు. 1963లో ట్యూరిన్ ప్రదర్శనలో దిగిన ఆ వి8 బండి తొలి తరంలో ఎనిమిది వందలు కూడా తయారు కాలేదు. గోదావరి జిల్లాలకి అంతో ఇంతో అందిన ఇటలీ కారు మాత్రం ఫియట్ 1100. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసేది. 1964లో ‘డిలైట్’ అయింది, 1970లలో ‘పద్మిని’ అయింది. 1089 సీసీ ఇంజిన్, స్టీరింగ్ పక్కనే గేరు. ఇటలీలో అది సాదాసీదా సంసారుల బండి. ఇక్కడ బుక్ చేసి ఏళ్లకేళ్లు ఎదురుచూడాల్సి రావడంతో రైసుమిల్లు యజమానికీ, డాక్టరు గారికీ హోదా అయి కూర్చుంది.

‘ఆయ్, ఇంజిన్ బంగారమండి’ అంటాడు అమ్మేవాడు. నిజమే కావచ్చు, కానీ బేరం తేలేది ఇంజిన్ దగ్గర కాదు. ఫియట్‌కి లారీలా విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే మొత్తం బరువు మోస్తుంది. కోనసీమ ఉప్పుగాలి తిని, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి దిగి, వర్షాకాలమంతా తడి షెడ్డులో నిలబడిన బండికి తుప్పు పట్టేది కంటికి కనపడని చోటే. అందుకే తెలిసినవాడు బానెట్ జోలికి పోడు. ముందు మ్యాట్ ఎత్తుతాడు. డోరు కింది అంచుని వేలి కణుపుతో తడతాడు. ఠంగుమంటే రేకు, దబ్బుమంటే పుట్టీ. ఇంకా అనుమానముంటే జేబులోంచి అయస్కాంతం తీస్తాడు. చివరికి జాకీ వేసి ఒక పక్క లేపి, డోరు తీసి వేస్తాడు. అప్పుడు డోరు సరిగ్గా పడకపోతే పైన ఎంత మెరిసే పెయింటున్నా ధర సగానికి తెగ్గోయాల్సిందే.

ఇంజిన్ సంగతి తేలిక. బోరు చేయించుకోవచ్చు, పిస్టన్లు మార్చుకోవచ్చు. కాకపోతే స్పేర్లకి ఇన్నాళ్లూ ముంబై ట్యాక్సీలే అండ. అక్కడి చివరి పద్మిని ట్యాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయింది.

ఇక కాగితాలు. యాభై ఏళ్లు దాటి, అసలు రూపు చెడని బండికి 2021 కేంద్ర నిబంధనల ప్రకారం ‘వీఏ’ అక్షరాలున్న వింటేజ్ నంబరు తీసుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ఆ నంబరుందని అమ్మేవాళ్లు రేటు పెంచేస్తున్నారు. పెంచనీండి గానీ, ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప ఆ బండి రోజువారీ తిరగడానికి పనికిరాదు, అద్దెకి అసలే తిప్పకూడదు. పెళ్లి ఊరేగింపులకి అద్దెకిచ్చి పెట్టుబడి రాబట్టుకుందామనుకునే కుర్రాళ్లు అడ్వాన్స్ ఇచ్చేముందే ఆర్సీ ఏ రకందో అడిగి చూసుకోవాలి.