కుప్పించడం అంటే దూకడమేనా?

అమలాపురం పక్క పొలాల్లో చిన్నప్పుడు మాకు రోజూ ఒక పరీక్ష ఉండేది: బోదె గెంతడం. గట్టు మీంచి తిన్నగా గెంతినవాడు నీళ్ళలో పడేవాడు. రెండడుగులు వెనక్కేసి, మోకాళ్ళు వంచి, ఊపిరి బిగబట్టి, ఒళ్ళంతా ఒక్కచోటికి తెచ్చుకున్నవాడు అవతలి గట్టున తేలేవాడు. ఆ వెనకడుగుకీ గెంతుకీ మధ్యనున్న క్షణానికి మా దగ్గర పేరు లేదు.

పోతన దగ్గర ఉంది. భాగవతం ప్రథమ స్కంధంలో, అంపశయ్య మీద భీష్ముడు కృష్ణుణ్ణి తలచుకునే సీసపద్యం. బళ్ళో కంఠతా పట్టించి, ‘కుప్పించి’ అంటే ‘దూకి’ అని అర్థం రాయించారు. రాసేశాం. కానీ పద్యంలో ఆ మాట వెంటనే ఎగరడం కూడా ఉంది. కుప్పించడమే దూకడమైతే మళ్ళీ ఎగరడం ఎందుకు? నిఘంటువులు గెంతు, లంఘించు అనే చెప్తాయి, తప్పేం కాదు. నాకు మాత్రం అందులో ‘కుప్ప’ వినిపిస్తుంది. ఇది వ్యుత్పత్తి కాదు, నా చెవి. ఒంటిని కుప్పగా కూడదీసుకోవడం.

నిజానికి ఆ ఒక్క పద్యంలో ఇలాంటి క్రియలు మూడున్నాయి. ముందు కుప్పించడం, తర్వాత ఉరకడం, చివర ఏనుగు మీదికి సింహం లంఘించడం. ఉరకడమంటే ఇవాళ చాలాచోట్ల పరిగెత్తడమే. పోతన నాటికి కిందికి దూకడం. అంటే పైకి, కిందికి, ముందుకి. పైకి లేస్తే కుండలాల కాంతి ఆకాశాన్ని కప్పేస్తుంది. కిందికి ఉరికితే కడుపులోని లోకాల బరువుకి భూమి కదిలిపోతుంది.

సంస్కృత మూలంలో ఈ దూకడమంతా ‘అవప్లుత’ అన్న ఒక్క మాటలో అయిపోతుంది. భూమి అదరడం, ఉత్తరీయం జారడం, సింహం, ఏనుగు అక్కడా ఉన్నాయి. కుండలాలు లేవు. ‘అవ’ అంటే కిందికి కాబట్టి, పైకి లేవడమూ లేదు. ఆ లేవడం పోతనది. దానికి ముందు కూడదీసుకోవడమూ ఆయనదే.

ఇదంతా మాటల లెక్క కోసం కాదు. యుద్ధంలో ఆయుధం పట్టనన్నవాడు చక్రం పట్టి దూకుతున్నాడు. ఇచ్చిన మాట విరిగేది ఆ కుప్పించే క్షణంలోనే. దేవుడికైనా మాట తప్పాలంటే అంత బలం కూడదీసుకోవాలి. ఆ దూకు తన ప్రాణం కోసమే అని తెలిసీ, భీష్ముడు దాన్నే తలుచుకుని, ఆయనే తనకు దిక్కు అంటున్నాడు. ‘దూకి’ అని రాసేసుకుంటే ఈ క్షణం మనకి పోతుంది.

ఇప్పుడా మాట వెక్కిరింతకే మిగిలింది: హనుమంతుడి ముందు కుప్పిగంతులా!

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే మా అన్నయ్య కొడుకు బోదె దగ్గర ఆగి, “బాబాయ్, గెంతనా?” అన్నాడు.

“కుప్పించి గెంతరా” అన్నాను.

కుప్పిగంతులనుకుని నవ్వాడు. నవ్వుతూనే రెండడుగులు వెనక్కి వేశాడు.