నిర్జన వారధి: ఒక గాయని ఆత్మకథ

కళ యెందులకను ప్రశ్నకు మన విమర్శకులు సాధారణముగా రెండు సమాధానములు చెప్పుచుందురు. ఆనందము కొఱకని కొందఱు, లోకహితము కొఱకని కొందఱు. కొండపల్లి కోటేశ్వరమ్మగారి స్వీయచరిత్రమగు ‘నిర్జన వారధి’ని చదివినవారికి మూడవ సమాధానము తోచును. దెబ్బతిన్న మనస్సు మరల నిలువద్రొక్కుకొనుటకును కళ కావలెను. అయితే ఈ మూడవ ప్రయోజనము మొదటి రెంటికి విడిగా నుండునా, లేక వానిలోనే యిమిడియుండునా యనునది విచారింపదగినది.

ఈ గ్రంథమును 2012లో హైదరాబాదు బుక్ ట్రస్టువారు ప్రకటించిరి. అప్పటికి రచయిత్రికి 90 ఏండ్లు దాటినవి. 2015లో దీనికి ఆంగ్లానువాదము వెలువడెను. గవర్నరుపేటలో ఏలూరు రోడ్డు పుస్తకాల దుకాణములకు బోవువారు ఉద్యమనాయకుల చరిత్రములను ఆసక్తితో కొనుచుందురు. వాని సరసనే యీ పుస్తకమునుంచి చదివినగాని, ఆ యుద్యమముల బరువును ఇంటిలో నెవరు మోసిరో తెలియదు.

కోటేశ్వరమ్మగారు 1918లో కృష్ణాజిల్లా పామఱ్ఱులో జన్మించిరి. ఊహ తెలియని వయస్సున వివాహము, ఊహ తెలియకముందే వైధవ్యము. పెద్దయైన తరువాత కొండపల్లి సీతారామయ్యగారితో పునర్వివాహము జరిగెను. వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిరి. తమ స్వీయచరిత్రమున ఆ సంగ్రామమంతయు వ్రాసిరి. అందు వితంతువు సంస్కర్త దయకు పాత్రురాలు, కథకు కారణము. కథ చెప్పునది మాత్రము ఆమె కాదు. ‘నిర్జన వారధి’లో ఆ బాలికయే కలము పట్టినది. సంస్కరణము వలన గలిగిన మేలెంతో, పెండ్లితో తీరని కష్టమెంతో ఆమెయే లెక్కజెప్పినది. ఈ ఒక్క కారణము చేతనే ఈ పుస్తకము మన సంస్కరణవాఙ్మయమున ప్రత్యేకస్థాన మర్హించును.

1943లో బొంబాయిలో భారత ప్రజానాట్యసంఘమేర్పడెను. తెలుగుదేశమున ప్రజానాట్యమండలి వెలసెను. బెంగాలు కరవు వార్తలు జనులను కలచివేయుచున్న దినములవి. బుఱ్ఱకథ జంగాల సొత్తు. నడుమ తంబురాతో కథకుడు, ఇరుప్రక్కల డక్కీలతో వంతలు, అంతే దాని సరంజామా. తెర లేదు, దీపాల హంగు లేదు, పల్లె రచ్చబండయే రంగస్థలము. షేక్ నాజర్‌గారు దానికి క్రొత్త యూపిరి పోసిరి. మోటూరి ఉదయంగారు మొదలగు స్త్రీలు తంబురా చేపట్టి కథ చెప్పిరి. కోటేశ్వరమ్మగారు పాటలు పాడిరి, నాటకములందు పాత్రలు ధరించిరి. స్థానం నరసింహారావుగారివంటి పురుషులు స్త్రీవేషములు ధరించి కీర్తిగొన్న కాలమది. సంసారస్త్రీ వేదిక యెక్కినచో ఇంటిపరువు మంటగలిసెనని లోకులనుచుండిరి. కావున ఆ స్త్రీలు పాడిన పాట యేదైనను, వారచట నిలుచుటయే ఒక ఉపన్యాసము. ముంగిట నిలిచి విన్న పల్లెపడుచులకు పాటలోని రాజకీయము బోధపడెనో లేదో గాని, తమవంటిదే యొక స్త్రీ నలుగురియెదుట గొంతెత్తవచ్చునని మాత్రము బోధపడియుండును.

ఇంతవరకు కళ లోకమునకు జేసిన మేలు. తరువాతి కథ వేఱు. 1948 తరువాత నిర్బంధకాలమున ఆమె అజ్ఞాతవాసము చేసెను. పిమ్మట భర్త ఆమెను విడిచిపోయెను. రెండవసారి ఒంటరిదైన ఆ తల్లి హైదరాబాదున ఆంధ్రమహిళాసభలో జేరి మరల విద్యార్థినియై, కాకినాడలో బాలికల వసతిగృహమున మేట్రనుగా పనిచేసి, తన కాళ్లమీద తాను నిలిచెను. కడకు కడుపుతీపియు మిగులలేదు. కుమారుడు పోయెను, కుమార్తె పోయెను. ఒకనాడు వేలమందిని కదిలించిన గొంతు తన్ను తాను ఓదార్చుకొనవలసిన దశ వచ్చినది. అప్పుడామె పాటలు, కథలు వ్రాసికొనెను; చివరకీ చరిత్రమును వ్రాసెను.

ఈ గ్రంథమున నాకు మిక్కిలి గొప్పగా దోచిన గుణము నిగ్రహము. విడిచిపోయిన భర్తను నిందించుటకు ఎన్ని యవకాశములున్నవో అన్నిచోట్లను ఆమె మాట తక్కువ చేసినది. అది క్షమ యని పొగడి యూరకుండుట పొరపాటు. ఆమె తప్పును తప్పుగనే చూపినది. తిట్టుట మాత్రము మానినది. తీర్పు పాఠకునికి విడిచినది. భాషయు అట్టిదే, కృష్ణాతీరపు ఇల్లాండ్రు మాటలాడుకొను తెలుగు. శోకఘట్టములందు విశేషణములు పేర్చు రచయితలు ఈమె యొద్ద నేర్వవలసినది కలదు.

లోపములు లేకపోలేదు. కాలక్రమము చోటుచోట తడబడును. ఉద్యమపరిచయము లేని పాఠకుడు పేర్ల నడుమ దారితప్పును. అన్నిటికంటె పెద్దలోటు మఱియొకటి. ఆమె తాను పడిన కష్టమును చెప్పినంత వివరముగా తన కళను గూర్చి చెప్పలేదు. పాటకు వరుస యెట్లు కుదిరెను? పల్లెకు పల్లెకు శ్రోతలెట్లు మారిరి? సాధన యెట్టిది? ఇవి తెలియగోరువారి యాకలి తీరదు. తాను కార్యకర్తనే గాని కళాకారిణిని కానను వినయమే దీనికి కారణమనిపించును. ఆ వినయమును స్త్రీలకు నేర్పినది మన సమాజమే గదా! పురుషుడు పాడిన ప్రతిభ, స్త్రీ పాడిన సేవ యనుకొను అలవాటు అభ్యుదయవాదుల యిండ్లలోను పోలేదు.

మొదటి ప్రశ్నకు వత్తము. కళ ఆమె గాయమును మాన్పెనా? మాన్పెనని చెప్పజాలము, బిడ్డలు పోయిన గాయము మానునది కాదు. కాని పదిమంది కొఱకు పాడుట యలవడిన గొంతు గనుకనే, తన దుఃఖమును గూడ పదిమందికి పనికివచ్చునట్లు చెప్పగలిగెను. ఊరట యొకవైపు, ఉద్యమ మొకవైపు ఉండవు. మొదటిదానికి రెండవది శిక్షణమైనది. గదిలో కూర్చుండి తనకొఱకే యేడ్చిన యేడ్పునకును, ఈ గ్రంథమునకును గల భేదమిదియే.

2018 సెప్టెంబరు 19న, నూఱేండ్లు నిండిన పిదప, విశాఖపట్టణమున ఆమె కన్నుమూసిరి. ఆమెతోపాటు పాడిన స్త్రీలలో ఎందఱి కథలో కాగితమెక్కకయే పోయినవి. మన యిండ్లలో నాయనమ్మలు, అమ్మమ్మలు ఇంకను పాటలు జ్ఞాపకముంచుకొని యున్నచో, వారి కడ కూర్చుండి వ్రాసికొనుడు. పాటతోపాటు, అది పాడినందుకు వారు పడిన మాటను గూడ వ్రాసికొనుడు.