6.5 మహానగర ప్రాంత సరిహద్దులు: ప్రాదేశిక విశ్లేషణపై విమర్శనాత్మక పరిశీలన

జనసాంద్రత, రోజువారీ రాకపోకలు, ఉపగ్రహ చిత్రాల ఆధారంగా మహానగర ప్రాంతాన్ని గుర్తించే పద్ధతులను గత విభాగంలో తెలుసుకున్నారు. సరిహద్దును కొలవదగిన ఆధారంపై నిలబెట్టడం వీటి ప్రధాన ప్రయోజనం. అయితే కంప్యూటర్ గీసినంత మాత్రాన ఆ గీత నిష్పాక్షికమైనదని భావించరాదు. దాని వెనుక మూడు ఎంపికలు ఉంటాయి.

1. కనీస పరిమితి: శివారు ప్రాంతపు ఉద్యోగుల్లో కనీసం 25 శాతం మంది కేంద్ర ప్రాంతానికి పనికి వెళ్లాలన్నది అమెరికాలో ప్రధాన నియమం. ఐరోపా దేశాల పద్ధతిలో 15 శాతం చాలు. 20 శాతం మంది వెళ్లే ఊరు ఒక నియమం ప్రకారం మహానగరంలో చేరుతుంది, రెండో నియమం ప్రకారం బయటే ఉండిపోతుంది. ఊరు మారలేదు, నియమం మారింది.

2. ప్రాదేశిక యూనిట్: అమెరికాలో కౌంటీయే యూనిట్. కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినో కౌంటీ విస్తీర్ణం 50,000 చదరపు కిలోమీటర్లకు పైనే. అందులో అధికభాగం ఎడారి. అయినా కౌంటీ మొత్తం మహానగర ప్రాంతంగానే లెక్కకు వస్తుంది.

3. దత్తాంశం: మన 2011 జనగణన పనిచేసే చోటికి ఎంత దూరం, ఏ వాహనంలో వెళ్తారని అడిగింది. ఏ ఊరికి వెళ్తారని అడగలేదు. అందువల్ల పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలపై ఎక్కువగా ఆధారపడతారు. అవి నేల రూపాన్ని చూపుతాయి గాని మనుషుల రాకపోకలను చూపవు. రోడ్లు వేసి ఖాళీగా వదిలిన లేఅవుట్ వాటిలో నగరంలా కనిపించవచ్చు. సగం మంది రోజూ బస్సెక్కి నగరానికి పనికి వెళ్లే పల్లె పచ్చని పొలంలా కనిపించవచ్చు.

హైదరాబాదు ఉదాహరణ చూడండి. 2007లో మహానగర పాలక సంస్థ ఏర్పడినప్పుడు దాని పరిధి సుమారు 650 చదరపు కిలోమీటర్లు. 2008లో హెచ్‌ఎండీఏ ఏర్పడినప్పుడు దాని పరిధి సుమారు 7,200. అంటే దాదాపు పదకొండు రెట్లు. ఈ తేడా కేవలం పటానికి సంబంధించినది కాదు. హెచ్‌ఎండీఏ పరిధిలోకి వచ్చిన గ్రామంలో భూ వినియోగాన్ని మాస్టర్ ప్లాన్ నిర్ణయిస్తుంది. గ్రామస్థులు ఓటు వేసేది మాత్రం పంచాయతీకి. ఈ లోటును గుర్తించే 74వ రాజ్యాంగ సవరణ (1992) మహానగర ప్రణాళికా కమిటీని ప్రతిపాదించింది. అందులో కనీసం మూడింట రెండు వంతుల మందిని స్థానిక సంస్థల ప్రతినిధులు తమలోంచి ఎన్నుకోవాలి.

కాబట్టి ఏ సరిహద్దునైనా ఒకే పరిమితితో అంగీకరించరాదు. పరిమితిని, యూనిట్‌ను మార్చి మళ్లీ లెక్కించాలి. ప్రతిసారీ లోపలే ఉండే ఊళ్ల విషయంలో విశ్లేషణను నమ్మవచ్చు. ఒకసారి లోపల, ఒకసారి బయట పడే ఊళ్ల విషయంలో నిర్ణయం గణితానిది కాదు. అక్కడి ప్రజలను అడిగి తీసుకోవలసినది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: మీ సమీప నగరానికి పరిమితిని 15 నుంచి 25 శాతానికి పెంచితే ఏ ఊళ్లు బయటకు పోవచ్చు? కారణాలు రాయండి.