నలుపు వేరు, చలువ వేరు

సన్ ఫిల్మ్ షాపులోకి కారు ఎక్కించగానే అక్కడి కుర్రాడు చేసిన మొదటి పని ఫ్యాన్ ఆపేయడం. తర్వాత షట్టర్ సగం దించాడు. ఆపైన నేల మీద నీళ్లు చల్లాడు. మే నెల, పొద్దున పదకొండు గంటలు, హైదరాబాద్ కొండాపూర్‌లో ఓ ఇరుకు సందు. నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది. "జర ఓర్చుకో అన్నా, గాలికి దుమ్ము లేస్తది. లోపల ఒక్క నలుసు పడ్డా మళ్ల పీకుడే" అన్నాడు. పక్కవాళ్ల కారు చల్లబడడానికి తను ఉక్కలో ఉడకడం అతనికి రోజూ ఉండే పనే.

నేను సన్ ఫిల్మ్ వేయించడం ఇది రెండోసారి. మొదటిసారి, పాత కారుకి, ఇంకోచోట వేయించాను. "ఎంత నలుపైతే అంత చల్లదనం" అన్నారు, నమ్మాను. రెండు వేసవులకే ఆ నలుపు ఊదారంగులోకి తిరిగింది. వెనకద్దం మీద పొక్కులు లేచాయి. అది పోతే పోయింది. ఒక వానరాత్రి నానక్‌రామ్‌గూడలో ఎడమవైపు మలుపు తిరుగుతుంటే, దాదాపు ఎడమ డోరును ఆనుకుని వస్తున్న స్కూటరు నాకు కనబడలేదు. హారన్ వినబడబట్టి ఆగాను. మర్నాడే కూర్చుని మొత్తం ఫిల్మ్ నేనే పీకేశాను.

ఆ తర్వాతే దీని సంగతి చదవడం మొదలుపెట్టాను. నేల మీదికి చేరే సూర్యశక్తిలో సుమారు సగం మన కంటికి కనబడని పరారుణ కిరణాలే. వెలుగు నలభై శాతం పైచిలుకు. మిగిలిన కొద్దిపాటి అతినీలలోహితం. రంగు అద్దిన చవక ఫిల్మ్ ప్రధానంగా వెలుగును ఆపుతుంది. కనబడని ఆ సగం మాత్రం చాలావరకు దాటి లోపలికి వస్తుంది. పైగా నల్లరంగు మింగిన వేడి అద్దంలోనే నిలిచి, కొంత మళ్లీ మన మీదికే వస్తుంది. సెరామిక్ ఫిల్మ్‌లోని సూక్ష్మమైన కణాలు వెలుగును పోనిచ్చి, పరారుణాన్ని ఎక్కువగా ఆపుతాయి. అందుకే దాదాపు రంగు లేనట్టు కనిపించే ఫిల్మ్ నల్లటి దానికన్నా బాగా పనిచేయగలదు. లోహపు పూత ఉన్నవీ వేడిని బాగానే తిప్పికొడతాయి. కాకపోతే రేడియో తరంగాలకూ అడ్డుపడతాయి. ముందద్దానికి అలాంటిది వేయిస్తే ఔటర్ రింగ్ రోడ్ టోల్ దగ్గర ఫాస్టాగ్ చదవక నిలబడాల్సి రావచ్చు.

షాపుల్లో ఒక ఎర్రదీపం ఉంటుంది. ఫిల్మ్ ముక్క అడ్డంపెట్టి, వెనక అరచెయ్యి ఉంచమంటారు. చేతికి వేడి తగలకపోతే ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. కానీ ఆ దీపం చూపేది పరారుణం సంగతే. "తొంభై ఐదు శాతం ఆపుతుంది" అనే మాట కూడా చాలాసార్లు పరారుణంలో ఒక చిన్న భాగానికే వర్తిస్తుంది. అడగాల్సింది వేరే అంకె: మొత్తం సూర్యశక్తిలో ఎంత ఆపుతుంది? ఆ అంకె మామూలుగా చిన్నగానే ఉంటుంది, నిజం మాత్రం అదే చెబుతుంది.

చట్టం సంగతికొస్తే, ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం వెలుగు రావాలన్నది కేంద్ర మోటారు వాహనాల నిబంధన. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఎంత శాతం వెలుగు వదిలేదైనా సరే, అద్దానికి ఫిల్మ్ అంటించడమే కుదరదంది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్లాస్టిక్ పొరతో కూడిన సేఫ్టీ గ్లేజింగ్‌కు చోటిచ్చింది. దాన్నిబట్టి, వెలుగు కొలత తప్పనంతవరకు ఫిల్మ్ వేసుకోవచ్చని 2024 సెప్టెంబర్‌లో కేరళ హైకోర్టు చెప్పింది. అది కేరళ తీర్పు. ఇక్కడ చౌరస్తాలో బండి ఆపితే వెలుగు కొలిచే మీటరు చూపే అంకె మన పక్షాన ఉండాలి.

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతున్నారు. డబ్బా మీద రాసి ఉండే శాతం ఫిల్మ్‌ది, అద్దంతో కలిపి కాదు. కారుతో వచ్చిన అద్దం 78 శాతం వెలుగు వదిలేదనుకోండి. దానిమీద "50 ఫిల్మ్" వేస్తే మిగిలేది 39 శాతమే. పక్క అద్దం 50 దాటాలంటే కనీసం 65 ఫిల్మ్ కావాలి. అదే అద్దం ముందుంటే, "70 ఫిల్మ్" వేసినా 55 దగ్గరే ఆగిపోతుంది. కొనే ముందు మీటరుతో ఖాళీ అద్దాన్ని కొలిపించుకోవాలి. నేను అడిగితే కుర్రాడు విసుక్కోలేదు, "ఎవరూ అడగరన్నా" అంటూ మీటరు తీశాడు.

అసలు పనితనం వెనకద్దం దగ్గర చూశాను. అది వంపుగా ఉంటుంది, ఫిల్మ్ చదునుగా ఉంటుంది. అద్దం బయటివైపు తడిపి, దానిమీద ఫిల్మ్ పరిచాడు. ముడతలు నిలువు పాయల్లా లేచాయి. హీట్ గన్‌ను ఆడిస్తూ, ఒక్కో ముడతనూ వేడికి కుదించి చేత్తో అణిచాడు. గన్ ఒక క్షణం ఎక్కువ నిలిస్తే ఫిల్మ్ మాడుతుంది, తక్కువైతే ముడత అలాగే ఉంటుంది. ఫిల్మ్ అచ్చం అద్దం ఆకారానికి వచ్చాక, లోపలివైపు షాంపూ కలిపిన నీళ్లు చల్లి, వెనక పొర ఒలిచి, అద్దం మీద జార్చి సరిచేశాడు. నీళ్లు ఉన్నంతసేపూ అది చేప పిల్లలా జారుతుంది, సర్దుకునేందుకు వీలు. ఆ తర్వాత స్క్వీజీతో నడిమి నుంచి అంచులకు నీళ్లన్నీ తోసేశాడు. డీఫాగర్ గీతల మీద మాత్రం చెయ్యి తేలికైంది.

మే 9 ప్రాంతంలో మన నగరంలో మధ్యాహ్నం నీడ పూర్తిగా మాయమవుతుంది, సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు. ఆ వేళ పక్క అద్దాలకు పెద్దగా పని ఉండదు, మాడేది కారు పైకప్పు, వాలుగా ఉండే ముందద్దం. పక్క అద్దాల ఫిల్మ్ అక్కరకొచ్చేది పొద్దున, సాయంత్రం. నేను హైటెక్ సిటీ నుంచి నల్లగండ్ల వైపు పడమరగా వెళ్తాను. వేసవిలో సూర్యుడు పడమరకు కొంచెం ఉత్తరంగా దిగుతాడు కాబట్టి ఎండ నేరుగా నా కుడి భుజం మీదే పడుతుంది.

ఒకటి మాత్రం ఏ ఫిల్మూ చేయలేదు. ఎండలో నిలిపిన కారును చల్లగా ఉంచలేదు. 2018లో అమెరికాలోని అరిజోనాలో పరిశోధకులు గంటసేపు ఎండలో ఉంచిన కార్లను కొలిస్తే లోపలి గాలి సగటున 47 డిగ్రీలు, డ్యాష్‌బోర్డు 69 డిగ్రీలు చూపింది. ఫిల్మ్ ఆ వేడిని కొంత తగ్గిస్తుంది, కొంత ఆలస్యం చేస్తుంది, అంతే. పసిపిల్లల్ని "అయిదు నిమిషాలే కదా" అని లోపల వదిలే ధైర్యం దాన్ని చూసి ఎవరూ చేయకూడదు.

రోజంతా స్టీరింగ్ ముందు ఉండే క్యాబ్ డ్రైవర్ల గురించి ఆలోచిస్తాను. 2024 ఏప్రిల్‌లో గిట్టుబాటు కావడం లేదని ఇక్కడి యాప్ క్యాబ్ డ్రైవర్లు ఏసీ వేయబోమని ఉద్యమం చేశారు. ఫిల్మ్ నిజంగా అవసరమైంది వాళ్లకు. మంచి ఫిల్మ్ ధర చూస్తే ముందుగా కొనగలిగేది మాత్రం నాలాంటివాళ్లే.

"మూడు రోజులు అద్దం దించకండి అన్నా" అని కుర్రాడు స్విచ్చుల మీద కాగితం టేపు అంటించాడు. వెనక కిటికీ మూలన చిన్న మసక మిగిలింది. నీళ్లేనని, ఆరిపోతుందని చెప్పాడు. ఆ సాయంత్రం పడమటి ఎండలో పోతూ కిటికీకి వేలు ఆనించి చూశాను. అద్దం కాలుతోంది. భుజం మీద మాత్రం మునుపటి చురుకు లేదు. నాలుగో రోజుకి మసక పోయింది.